తూకానికి వేసే ముందు అడుగు తిప్పి చూడండి

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు యాభై ఎనిమిది. మా అమ్మ పోయి ఏడాది దాటింది. రామచంద్రపురం దగ్గర ఊళ్ళో మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఆయన ఆ రోజుల్లో ప్లీడరు. ఇల్లు ఖాళీ చేస్తుంటే భోషాణంలో చాలా సామాను బయటపడింది. టీ కెటిల్, పంచదార గిన్నె, పాలజగ్గు, వాటి కింద పెట్టుకునే పెద్ద ట్రే ఉన్నాయి. ఒక జడ్జి దొర 1914లో బదిలీ మీద వెళ్తూ తాతగారికి ఇచ్చాడని మా నాన్న చెప్పేవారు. ఇంకా తీగపని చేసిన పన్నీరు బుడ్డి, గంధం గిన్నె, నలభై మూడు పాత రూపాయలు, దంతం పని చేసిన చిన్న పెట్టె, జానెడు ఎత్తు పంచలోహ వేణుగోపాలస్వామి, మా అందరికీ ఉగ్గు పెట్టిన వెండి ఉగ్గుగిన్నె ఉన్నాయి. వెండి కొట్టతను ట్రే వెనక ఏవో ఇంగ్లీషు అక్షరాలు చూసి "ఇదంతా జర్మన్ సిల్వర్ అమ్మా" అంటూ మొత్తానికి ఒక రేటు చెప్పి, వారంలో తేల్చమన్నాడు. లండన్‌లో ఉన్న మా తమ్ముడేమో సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులో పట్టుకెళ్ళి అక్కడ వేలంలో పెడతానంటున్నాడు. మా అల్లుడు అన్నిటినీ మెరుగు పెట్టిస్తే మంచి ధర వస్తుందంటున్నాడు. మా మేనకోడలు మాత్రం ఉగ్గుగిన్నె తనకి కావాలంది. భోషాణం అడుగున చెదలు పట్టిన పాత కాగితాలు బోలెడున్నాయి, అవి రేపో మాపో తగలబెట్టిస్తాం. వీటన్నిటినీ వేలంలో పెట్టడం మంచిదా, తూకానికి ఇచ్చేయడం మంచిదా? ఫోటోలు పంపుతున్నాను.

సమాధానం:

అమ్మా, ముందు ఆ కాగితాలు తగలబెట్టడం ఆపించండి. మిగతా సంగతులన్నీ తర్వాత. ఈ జవాబు చదవగానే ఊరికి ఫోన్ చేసి, భోషాణంలో ఒక్క కాగితం కూడా కదపవద్దని చెప్పండి.

ఎందుకు ఇంత కంగారు పడుతున్నానంటే, పాత వస్తువుకి వేలంలో వచ్చే ధరలో సగం దాని వెంట వచ్చే కథది. అయితే ఆ కథ నోటిమాటగా ఉంటే చాలదు, ఆధారం కావాలి. 2020 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర ఒక చిన్న వేలం సంస్థ ఉత్తరాల పెట్టెలో ఎవరో ఒక కవరు వేసి వెళ్ళారు. అందులో ఉన్నది గాంధీగారి కళ్ళజోడు. 10 నుంచి 15 వేల పౌండ్లు పలకవచ్చని ఆ సంస్థ అంచనా వేస్తే, చివరికి 2,60,000 పౌండ్లకి పోయింది. బంగారు పూత పూసిన ఆ గుండ్రటి జోడులో లోహం విలువ ఎంతుంటుంది? దక్షిణాఫ్రికాలో పని చేసిన మా బంధువుకి గాంధీగారే ఇచ్చారని అమ్మినవారి ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్న మాట, ఆ మాటకి కాలం, చోటు సరిపోవడం, వీటికే ఆ ధర. మీ తాతగారికి టీ సెట్టు ఇచ్చిన దొర పేరు, బదిలీ అయిన తేదీ, "మీ స్నేహానికి గుర్తుగా" అని రాసిన నాలుగు వాక్యాల ఉత్తరం ఆ చెదల కాగితాల్లో దొరికిందనుకోండి, అదే టీ సెట్టు వేరే వస్తువైపోతుంది. వీడ్కోలు సభ ఫోటో ఉన్నా అంతే. అందుకని ప్రతి కాగితాన్నీ మెత్తని బ్రష్షుతో దులిపి, మడతలు బలవంతంగా విప్పకుండా, ఫోటో తీసుకుని, విడివిడిగా తెల్ల కాగితాల మధ్య పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వద్దు, మన కోనసీమ చెమ్మకి లోపలే బూజు పడుతుంది.

ఇక మెరుగు సంగతి. మీ అల్లుడు మీ మంచి కోరే అంటున్నారు. నేనూ ఇరవై రెండేళ్ళ వయసులో అలాగే అనుకున్నాను. మా అమ్మమ్మ ఇంట్లో అరచేతి వెడల్పు పళ్ళెం ఒకటి ఉండేది, నల్లగా, మధ్యలో సన్నటి తెల్లటి లత. మసి పట్టిందనుకుని చింతపండు, ఉప్పు పెట్టి ఒక మధ్యాహ్నమంతా తోమాను. సాయంత్రానికి నలుపు పోయింది, కింద నుంచి బూడిద రంగు జింకు బయటపడింది. అది బిద్రీ పళ్ళెం. జింకులో కాస్త రాగి కలిపి పోత పోసి, చెక్కిన గాడుల్లో వెండి తీగ కొట్టి, బీదర్ కోట మట్టితో ఉడికించి ఆ నలుపు తెప్పిస్తారు. నలుపు వల్లనే వెండి కనిపిస్తుంది. నేను తోమేసింది మసి కాదు, పనివాడి చివరి పనిని. ఆ పళ్ళెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ నలుపు తిరిగి తెప్పించలేకపోయాను. అందుకే ఎవరు అడిగినా మొదట ఇదే చెబుతాను, తోమకండి అని.

వెండి మీద నలుపు గాలిలోని గంధకం వల్ల పడుతుంది. గీతల లోపల, చెక్కుడు మూలల్లో ఆ నలుపు నిలిస్తేనే బొమ్మ లేచి కనిపిస్తుంది. విభూతి, పళ్ళపొడి, చింతపండు ఏది పెట్టి రుద్దినా వెండి పొర కొంచెం అరుగుతుంది, ముద్రలు మొద్దుబారతాయి. కొట్టులో మెరుగు పెట్టే చక్రం కింద పెడితే వందేళ్ళ అరుగు అయిదు నిమిషాల్లో అయిపోతుంది. మరీ మురికిగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో చంటిపిల్లల సబ్బు చుక్క వేసి, పాత నూలు పంచె ముక్కతో తడిపి తుడిచి, వెంటనే ఆరబెట్టండి. తీగపని వస్తువుల్ని నీళ్ళలో నానబెట్టకండి. మూటకి రబ్బరు బ్యాండు కూడా వేయకండి, రబ్బరులో ఉన్న గంధకం వెండి మీద నల్లటి గీత పెడుతుంది.

ఇప్పుడు ఆ టీ సెట్టు. కొట్టతను అన్నదాంట్లో పావు వంతు నిజం ఉంది. మీరు పంపిన నాలుగో ఫోటోలో ట్రే వెనక ఉన్న అక్షరాలు ఈ.పీ.ఎన్.ఎస్. నికెల్ కలిసిన లోహం మీద కరెంటుతో వెండి పూత పూశారని దాని అర్థం. ఈ పద్ధతికి బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ వాళ్ళు 1840లో పేటెంటు తీసుకున్నారు. పూత కింద ఉన్నదే మన వాళ్ళు జర్మన్ సిల్వర్ అనే రాగి, జింకు, నికెల్ మిశ్రమం. పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో వెండి పిసరంత కూడా ఉండదు. (మన పల్లెల్లో సిల్వర్ గిన్నె అంటే అల్యూమినియం గిన్నె కదా, ఆ పేరుతో ఎంతమంది మోసపోయారో!) కాబట్టి ట్రేకి తూకం ధర లేదు. ఆ మాట వరకు అతను చెప్పింది సరే.

కానీ ట్రేని చూసి కెటిల్‌కి తీర్పు చెప్పేశాడు. రెండో ఫోటో మళ్ళీ చూడండి. కెటిల్ అడుగున వరసగా నాలుగు ముద్రలున్నాయి, ఒక్కొక్కటి బియ్యపుగింజంత. భూతద్దం పెడితే మొదటిది తయారీదారు పొడి అక్షరాలు. రెండోది లంగరు. మూడోది నడుస్తున్న సింహం, ఎత్తిన ముందుకాలు కూడా స్పష్టంగా ఉంది. నాలుగోది చిన్న డాలు లోపల ఒక అక్షరం. సింహం ఉందంటే అది ఇంగ్లండ్‌లో పరీక్షించిన స్టెర్లింగ్ వెండి, వెయ్యికి 925 పాళ్ళు. ఆ సింహం ముద్ర 1544 నుంచి వాడుతున్నారు. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్ పరీక్షశాల, చిరుతపులి తల ఉంటే లండన్, ఆ కాలంలో కిరీటం ఉంటే షెఫీల్డ్. బర్మింగ్‌హామ్ ఊరు సముద్రానికి ఎంతో దూరం, అయినా 1773లో అక్కడ పరీక్షశాల పెట్టినప్పటి నుంచి వాళ్ళ గుర్తు లంగరే. ఇక డాలులోని అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. ఏడాదికో అక్షరం మారుతుంది, ఆవృత్తి పూర్తయితే అక్షరం తీరు, డాలు ఆకారం మారుస్తారు. మీ ఫోటోలో ఆ అక్షరం మసగ్గా ఉంది. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసి పంపండి. అయిదో ముద్రగా రాజు తల లేదు కాబట్టి 1890 తర్వాతిదని ఇప్పుడే చెప్పగలను, ఎందుకంటే 1784 నుంచి 1890 దాకా పన్ను కట్టినట్టు ఆ తల వేసేవాళ్ళు. మీ నాన్నగారు చెప్పిన 1914కి ఇది చక్కగా సరిపోతుంది.

పాలజగ్గు ఫోటో చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అది ఆ సెట్టులోది కాదమ్మా. చుట్టూ చిన్న చిన్న గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక దేవుడు, అడుగున పి.ఓర్ అండ్ సన్స్ అన్న పేరు. అది మద్రాసు మౌంట్ రోడ్డు మీద దొరలకీ జమీందార్లకీ వెండి సామాను చేసిచ్చిన కంపెనీ. మన దేవతామూర్తులతో నింపేసిన ఆ పనిని పాత వస్తువులు సేకరించేవాళ్ళు ఇవాళ్టికీ స్వామి వెండి అనే పిలుస్తారు. 1875-76లో వేల్స్ యువరాజు మన దేశం వచ్చినప్పుడు ఈ తరహా వస్తువులకి విదేశాల్లో బాగా పేరొచ్చింది. మన దేశంలో అప్పట్లో వెండి సామానుకి ముద్ర వేసే ప్రభుత్వ పరీక్షశాల లేదు, అందుకని సింహాలూ లంగర్లూ ఉండవు, కంపెనీ పేరే పూచీ. కలకత్తా హామిల్టన్ వాళ్ళు, భుజ్‌లో ఉమర్సీ మావ్జీ కూడా ఇలాగే తమ గుర్తు వేసేవాళ్ళు. ఇంగ్లీషు కెటిల్ లాంటివి లోకంలో వేలకొద్దీ ఉన్నాయి, దాని ధర తూకానికి కాస్త పైన ఆగుతుంది. ఈ పాలజగ్గు అలా కాదు. మీ సామానులో వేలానికి నిజంగా తగినది ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. దొర ఇచ్చిన జగ్గు పోయిందో, సొట్టపడిందో, మీ తాతగారు మద్రాసు హైకోర్టు పనిమీద వెళ్ళినప్పుడు ఇది కొన్నారేమో. కాగితాల్లో రసీదు ఉందేమో వెతకండి.

కొట్టులో స్వచ్ఛత చెప్పే మెషిన్ మీద పెట్టి చూపిస్తామంటే ఒక మాట గుర్తుంచుకోండి. ఆ మెషిన్ పైపొరనే చదువుతుంది. పూత వేసిన ట్రే మీద పెడితే మేలిమి వెండి అని చూపించవచ్చు. అలాగని గీటురాయి మీద రుద్దుతామన్నా, ఆకురాయితో అంచు గీస్తామన్నా ఒప్పుకోకండి. ముద్రలున్న వస్తువుకి ఆ గీత అక్కర్లేదు.

మీ తమ్ముడి మాటకి వస్తాను. అతనికి ఇది నెమ్మదిగా, కానీ గట్టిగా చెప్పండి. 1972 పురావస్తు చట్టం, అమల్లోకి వచ్చింది 1976 ఏప్రిల్ 5న, ప్రకారం వందేళ్ళు దాటిన కళాఖండాన్ని, పనితనం ఉన్న వస్తువుని, నాణేన్ని ప్రైవేటు వ్యక్తులెవరూ దేశం దాటించకూడదు. ఇంగ్లండ్‌లో తయారైందే కదా, అక్కడికే తీసుకెళ్తున్నా కదా అన్న వాదన నిలవదు. చట్టం వయసు చూస్తుంది, పుట్టిన ఊరు చూడదు. దొరికితే కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, పైన జరిమానా, వస్తువు కూడా పోతుంది. తమ్ముడు సూట్‌కేసులో పెట్టేది ఇంట్లో గిన్నె అనుకుంటాడు, విమానాశ్రయంలో అది వేరే పేరుతో కాగితం మీదికి ఎక్కుతుంది. వందేళ్ళు నిండనివైతే, కేంద్ర పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకుని పంపవచ్చు. మీ సామానులో ఎక్కువ భాగం ఆ గీత దాటేసింది. ఈ దేశంలో ఉంచుకోవడానికీ, ఇక్కడే అమ్ముకోవడానికీ మీకు హక్కుంది. కొనే వ్యాపారికి మాత్రం పురావస్తువుల వ్యాపారం చేసే లైసెన్సు ఉండాలి. వేలం సంస్థ ఏదైనా సరే, మొదటి ఫోన్‌లోనే ఆ లైసెన్సు అడగండి.

వేణుగోపాలస్వామి సంగతి వేరు. శిల్పాలు, లోహ విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు వందేళ్ళవైతే, ఇంట్లో ఉంచుకోవాలన్నా రిజిస్టర్ చేయించాలి. రాతప్రతులకి డెబ్బై అయిదేళ్ళే. చేతులు మారితే ఆ సంగతి కూడా తెలియజేయాలి. పూజలో ఉన్న విగ్రహానికి రిజిస్ట్రేషన్ ఏమిటని చాలామంది నొచ్చుకుంటారు, మీకూ అలాగే అనిపించవచ్చు. కానీ ఒక సంగతి వినండి. ప్రకాశం జిల్లా చందవరంలో బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన సున్నపురాయి శిల్పం ఒకటి మాయమై, న్యూయార్క్ వ్యాపారి చేతి మీదుగా ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. వాళ్ళు 2005లో కొన్నారు. చందవరంలో ఉన్నప్పటి పాత ఫోటోలు బయటపడ్డాకే అది మనదని తేలి 2016లో తిరిగొచ్చింది. ఫోటో లేకపోతే ఇక రాదు. స్వామికి నాలుగు వైపులా, పీఠం అడుగు సహా ఫోటోలు తీసి, ఎత్తు, బరువు రాసి, మీ ప్రాంతానికి పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారి ఎవరో కనుక్కోండి. కొత్త పంచలోహ విగ్రహాల్ని పాతవని అమ్మేవాళ్ళున్నారు, కాబట్టి మీ విగ్రహం వయసు ఎంతో నిపుణుడు చూశాకే మాట్లాడుకోవాలి. అది తేలకుండా ఎవరికీ చూపించకండి, ఎవరి ఫోన్‌కీ ఫోటో పంపకండి. నాకు పంపిన ఫోటో నేను తీసేశాను.

దంతపు పెట్టె గురించి రాయాలంటే నాకు మనసు రెండుగా చీలుతుంది. గంధపు చెక్క మీద పల్చటి తెల్లటి రేకులు అంటించి, వాటి మీద పువ్వులూ లతలూ సూదితో గీసి, గీతల్లో నల్లటి లక్క నింపిన పని అది. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో విశాఖపట్నం పనివాళ్ళ చేతుల్లో పుట్టిన పని. అలాంటివి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి, మన విశాఖ పేరుతోనే ఉన్నాయి. మన ఊరి చేతిపని అంతటిదని తెలిసేసరికి, దాన్ని అమ్మడానికి వీల్లేని రోజులొచ్చాయి. మన దేశంలో ఏనుగు దంతపు వస్తువుల వ్యాపారం వన్యప్రాణి రక్షణ చట్టం కింద పూర్తిగా నిషేధం. ఎంత పాతదైనా, తాతముత్తాతలదైనా అమ్మకానికి పెట్టకూడదు. ఆ నిషేధం సరైనదే. పాతదన్న పేరుతో కొత్త దంతం అమ్మిన చరిత్ర ఉంది మరి. బ్రిటన్‌లో కూడా 2022 జూన్ నుంచి కొద్దిపాటి మినహాయింపులతో ఇలాంటి నిషేధమే ఉంది. అది దంతమో ఎముకో ముందు తేల్చుకోండి. భూతద్దంలో ఎముక మీద సన్నటి నల్లచుక్కలు, చిన్న గాడులు కనిపిస్తాయి. దంతమైతే నున్నగా ఉండి, అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలుంటాయి. దంతమని తేలితే ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని అటవీ శాఖ వారిని కలిసి, దగ్గర ఉంచుకోవడానికి కాగితాల సంగతి అడగండి. ఇంకొకటి, కెటిల్ హ్యాండిల్ మొదట్లోనూ చివర్లోనూ తెల్లటి పూసల్లాంటి పట్టీలు కనిపిస్తున్నాయి. వేడి చేతికి తగలకుండా పాతకాలంలో అక్కడ దంతం ముక్కలు పెట్టేవాళ్ళు. అవి ఏమిటో వేలం సంస్థకి ముందే చెప్పాలి. దాచితే తర్వాత చిక్కు మీదే.

రూపాయల సంగతి తేలిక. ఫోటోలో కనిపించినంతవరకు 1905, 1907, 1912, 1918, కొన్ని 1944వి. 1939 దాకా వచ్చిన వెండి రూపాయి సరిగ్గా ఒక పాత తులం, 11.66 గ్రాములు, వెయ్యికి 917 పాళ్ళ వెండి. 1940 నుంచి వెండి సగమే. 1947లో వచ్చింది నికెల్ రూపాయి, అందులో వెండే లేదు. కాబట్టి 1944 వాటిని విడిగా పెట్టండి, కొట్టులో అన్నీ కలిపి ఒకే టంచు (స్వచ్ఛత లెక్క) వేస్తే ఎవరో ఒకరు నష్టపోతారు. 1918వి అసంఖ్యాకం, వాటికి వెండి ధరే. అయితే 1911 వి ఏమైనా ఉన్నాయేమో ఒక్కొక్కటీ తిప్పి చూడండి. ఆ ఏడాది అయిదో జార్జి అంగీ మీద చెక్కిన ఏనుగు పందిలా కనిపించిందని గొడవైతే, బయటికొచ్చినవి వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించారు. మిగిలినవాటిని పంది రూపాయి అంటారు. 1939వి కూడా అరుదు, అందుకే నకిలీలు కూడా ఎక్కువే. నగల కోసం కొండి అతికించిన నాణేనికి సేకరించేవాళ్ళ దగ్గర ధర ఉండదు, వెండి ధరే. నాణేల్ని అసలు కడగకండి, అంచులు పట్టుకుని తీయండి, వేలిముద్ర కూడా మచ్చవుతుంది.

పాత నాణేల పేరు వినబడితే చాలు, ఫోన్‌లు మొదలవుతాయి. మీ రూపాయికి లక్షలు ఇస్తాం, ముందు కమిషన్ కట్టండి, పన్ను కట్టండి అంటారు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుతున్నారని బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. రాముడు, సీత, హనుమంతుడు ఉండి ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసున్న బిళ్ళలు కంపెనీ ముద్రించినవి కావు. మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాల్ని ముంచిన, బియ్యపుగింజల్ని లాగే మహిమ ఉందని నమ్మించే రైస్ పుల్లింగ్ చెంబుల కథ మీకు తెలిసే ఉంటుంది. మీ ఇంట్లో పాత సామాను ఉందన్న కబురు ఊళ్ళో పాకితే అలాంటివాళ్ళు గుమ్మంలోకి వస్తారు. ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే ఆ మాట అక్కడితో తెగిపోవాలి.

వేలం లెక్క ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి, లేకపోతే పేపర్లో చూసిన అంకెకీ చేతికొచ్చిన అంకెకీ పొంతన లేక బాధపడతారు. ఉదాహరణకి పాలజగ్గు సుత్తి ధర, అంటే వేలంలో చివరి పాట, లక్ష పలికిందనుకుందాం. కొన్నవారు దాని మీద సంస్థకి ఒక రుసుము, జీఎస్టీ అదనంగా కడతారు. పత్రికల్లో చాలాసార్లు వచ్చేది ఆ కలిపిన మొత్తమే. మీ దగ్గర కూడా సంస్థ కమిషన్ పట్టుకుంటుంది. అది పదిహేను శాతమైతే మీకు ఎనభై అయిదు వేలు, అందులోంచి ఫోటోలకీ, బీమాకీ, రవాణాకీ పట్టుకునే సంస్థలున్నాయి. డబ్బు కొన్ని వారాలకి వస్తుంది. ఇంతకు తగ్గితే అమ్మవద్దన్న కనీస ధరని ఒప్పందంలో రాయించుకోండి. కానీ ఆశకొద్దీ ఎక్కువ రాయించకండి. వేలంలో ఒకసారి అమ్ముడుపోకుండా మిగిలిన వస్తువుని సేకరించేవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు, మళ్ళీ వచ్చినప్పుడు ఎవరూ చేయెత్తరు. అమ్ముడుపోకపోతే ఏ ఖర్చు మీ మీద పడుతుందో సంతకం పెట్టేముందే అడగండి. రెండు సంస్థలకి ఫోటోలు, కొలతలు, గ్రాముల్లో బరువు, కాగితాల నకళ్ళు పంపి అంచనాలు తెప్పించుకోండి. సంస్థ అంచనా వేసినందుకు డబ్బు అడిగితే ఇంకో సంస్థని చూసుకోండి. ఇక్కడ కొట్టుకి ఇచ్చే వాటికి కూడా రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకండి, ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చిన వస్తువుల మీద లాభం ఎలా లెక్కగడతారో మీ ఆడిటర్ని అమ్మకముందే అడగండి.

తీగపని పన్నీరు బుడ్డి, గంధం గిన్నె కరీంనగర్ పనిలా ఉన్నాయి. జుట్టంత సన్నటి వెండి తీగలు రెండేసి మెలిపెట్టి, చట్రంలో వంకీలుగా కూర్చి, అతికించిన పని. హైదరాబాద్ పురానీ హవేలీలో నిజాం రజతోత్సవ కానుకల మ్యూజియంలో ఇలాంటివి చూడవచ్చు. బుడ్డి మెడ దగ్గర రెండు తీగలు విరిగాయి. దాన్ని ఊళ్ళో కంసాలి దగ్గర టంకం పెట్టించకండి, ముద్ద పడితే అల్లిక పోతుంది. తూకంలో ఇవి ఏమీ తూగవు, వాటి విలువంతా చేతిపనిదే. వేలానికి పంపినా గొప్ప ధర రాకపోవచ్చు, ఎందుకంటే ఇప్పటికీ ఆ పనివాళ్ళు కొత్తవి చేస్తున్నారు. ఇంట్లో పెళ్ళిళ్ళు జరగాల్సిన పిల్లలుంటే పన్నీరు చల్లడానికి ఉంచుకోండి అంటాను. మీ ఇష్టం.

ఇంతకీ కొట్టతనికి ఏం చెప్పాలి? వారం గడువు అతనిది, మీది కాదు. ట్రే మీరు అమ్మదలిస్తే పాత సామాను కింద అమ్మండి, లేదా టీ ఇవ్వడానికి వాడుకోండి. మామూలు 1918, 1944 రూపాయలు అమ్మాలనుకుంటే మూడు కొట్లలో అడిగి, తరుగు ఎంత తీస్తారో ముందు చెప్పించి, బిల్లుతో అమ్మండి. కెటిల్, పంచదార గిన్నె సంగతి అక్షరం తేలాక చూద్దాం. పాలజగ్గు మాత్రం ఎవరి కాటా మీదా పెట్టవద్దు.

ఉగ్గుగిన్నె ఫోటో చివర్లో పంపారు. ముక్కు కొంచెం వంగింది, అంచు మీద ఒక చోట పాలపళ్ళ గాట్లలాంటివి ఉన్నాయి. అందులో ఉగ్గు తాగినవాళ్ళలో మీరూ ఉన్నారు, మీ తమ్ముడూ ఉన్నాడు. వేలం సంస్థలు దాన్ని తీసుకోవు, కొట్టులో తరుగు పోను వచ్చేది ఎంతో కాదు. మీ మేనకోడలు మిగతా ఏ వస్తువూ అడగకుండా అదొక్కటే అడిగింది. సొట్ట తీయించకుండా, మెరుగు పెట్టించకుండా, నూలుగుడ్డలో చుట్టి ఆ అమ్మాయికి ఇచ్చేయండి. అందులో ఎవరెవరు ఉగ్గు తాగారో పేర్లు, పుట్టిన ఏళ్ళు ఒక కాగితం మీద రాసి గిన్నెతో పాటు పెట్టండి.